ఏడో నంబరు ఆట

చీరాలలో నేను పనిచేసిన కంప్యూటర్ సెంటరు ఒక బట్టల కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలు. డిగ్రీ పూర్తిచేసి, పర్చూరు పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వచ్చి, ఇంటరు, డిగ్రీ పిల్లలకి సి భాష నేర్పేదాన్ని. మొత్తం ఎనిమిది కంప్యూటర్లు. వాటిలో ఆరు ఎంత పాతవంటే, పొద్దున స్విచ్చి వేసి కిందికి వెళ్ళి టీ తాగి వచ్చినా ఇంకా లేస్తూనే ఉండేవి. సెంటరు నడిపేది మా సార్. నలభై అయిదేళ్ళ మనిషి. నేత కుటుంబంలో పుట్టి, ఏళ్ళ తరబడి లెక్కల ట్యూషన్లు చెప్పి, చివరికి ఈ సెంటరు పెట్టారు. క్లాసులో నవ్వరు. గోడ మీద ఆయన చేతిరాతతో ఒక అట్టముక్క వేలాడుతుండేది: "ఇచ్చట ఆటలు ఆడరాదు."

అలాంటి మనిషి దగ్గరికి వెళ్ళి ఆటల పందెం పెడదామని అడగడానికి వారం రోజులు తటపటాయించాను.

అసలు ఆ ఆలోచన నాది కూడా కాదు. ఒకరోజు బస్సు లేటయి, స్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరులో గంటసేపు కూర్చున్నాను. ఏదో వెతుకుతుంటే ఒక విదేశీ వెబ్‌సైటు కనిపించింది. ఎక్కడెక్కడి వాళ్ళో మూడు రోజుల్లో ఒక్కో చిన్న ఆట తయారుచేసి అందులో పెడుతున్నారు. అన్నీ పాతకాలపు తరహా ఆటలే. మా చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేముల్లా లావుపాటి చుక్కలు, గట్టిగా లెక్కపెడితే పది రంగులు. ఆటల కంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నవి వాటి కింద రాసుకున్న మాటలు. "దూకినప్పుడు వచ్చే చప్పుడు బాగుంది." "రెండో గదిలో తాళంచెవి ఉందని నాకు అరగంట దాకా తెలియలేదు." ముక్కూ మొహం తెలియని వాళ్ళు ఒకరి ఆట ఒకరు ఓపిగ్గా ఆడి, బాగున్నదీ బాగాలేనిదీ చెప్పుకుంటున్నారు. మా పిల్లలు రాసే ప్రోగ్రాముల్ని నేను తప్ప ఎవరూ చూడరు. మార్కుల జాబితాలు, కూడికలు తీసివేతలు. చూసి నేను టిక్కు పెడతాను. అక్కడితో దాని పని అయిపోతుంది.

ఆ పేజీలు రెండు ప్రింటు తీయించుకుని వెళ్ళి సార్ ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఆటలు ఆడటానికా, చెయ్యటానికా?" అన్నారు.

"చెయ్యటానికే సార్. చేసినవి మనమే ఆడతాం."

"ఊఁ. ఆడి చూడకపోతే తప్పులు ఎట్టా తెలుస్తాయిలే" అని తనలో తాను అనుకున్నట్టు అని, తెల్లకాగితం తీసుకుని నియమాలు రాయడం మొదలుపెట్టారు. ఎండాకాలం సెలవులకి సగం మంది పిల్లలు రావడం మానేశారు. ఆయనకీ ఏదో ఒకటి చెయ్యాలని ఉందేమో.

శుక్రవారం పొద్దున మొదలు, ఆదివారం సాయంత్రానికి ఆట పూర్తి కావాలి. పదహారు రంగులే వాడాలి, ఒక్క ఫ్లాపీలో పట్టాలి. ఫ్లాపీ మీద పేరు ఉండకూడదు, చీటీ తీసినప్పుడు ఎవరికి ఏ నంబరు వస్తే ఆ నంబరే. సోమవారం అందరం అందరి ఆటలూ ఆడి, ఒక్కో ఆటకి ఒక్కో చీటీ రాసి మిఠాయి డబ్బాలో వెయ్యాలి. చీటీ మీద కూడా పేరు ఉండదు. రెండు వాక్యాలకు మించకూడదు.

"పేర్లు పెడితే మొహం చూసి రాస్తారు" అన్నారు సార్. తర్వాత కుర్చీ ఎక్కి, గోడ మీద అట్టముక్కని వెనక్కి తిప్పి తగిలించారు. అప్పుడు కూడా నవ్వలేదు.

నేనూ ఒక చీటీ తీశాను. మూడు వచ్చింది. పొద్దున బ్యాచీ నాది, సాయంత్రం బ్యాచీ సార్‌ది కాబట్టి అటు ఎవరెవరు చేస్తున్నారో నాకు తెలియదు.

నా ఆట కల్లం గురించి. మా నాన్న మిరప వేస్తాడు. కోసిన కాయలు కల్లంలో ఎర్రటి దుప్పటి పరిచినట్టు ఎండుతుంటే, అకాల వాన పడితే పరుగెత్తి పట్టలు కప్పాలి. తడిసిన కాయ తెల్లబడి తాలు అయిపోతుంది. చిన్నప్పటి నుంచి చూసిన హడావుడి అది. నా ఆటలో తెర నిండా ఎర్ర చుక్కలు, ఉన్నట్టుండి పైనుంచి నీలం గీతలుగా వాన. బాణం మీటలతో మనిషిని నడిపించి, స్పేస్ నొక్కితే ఆ చోట పట్ట కప్పుతుంది. వాన ఎక్కడ పడుతుందో, ఎప్పుడు పడుతుందో కంప్యూటరే ఇష్టం వచ్చినట్టు ఎంచుకునేలా రాశాను. మూడు రోజులూ అన్నం సరిగ్గా తినలేదు. మధ్యలో కరెంటు పోయి ఒకసారి, ఫ్లాపీ చెడి ఒకసారి, సగం పని మళ్ళీ మొదటి నుంచి చేశాను. ఆదివారం సాయంత్రం పూర్తయ్యాక, నాదంత గొప్పది ఇంకొకరు చేసి ఉండరనే అనుకున్నాను.

సోమవారం తొమ్మిది ఫ్లాపీలు వచ్చాయి. పిల్లలు గుంపులు గుంపులుగా ఒక కంప్యూటరు నుంచి ఇంకో కంప్యూటరుకి తిరుగుతూ ఆడుతున్నారు. వినుకొండ నుంచి వచ్చి పిన్నిగారింట్లో ఉండి చదువుకుంటున్న ఒక డిగ్రీ అమ్మాయి, కొండ రాళ్ళ మీద దూకే మేక ఆట చేసింది. దాని దగ్గరే పెద్ద గుంపు. నేను ఒక మూల కూర్చుని వేరే ఆట ఆడుతున్నానే గాని, చెవులు మాత్రం మూడో నంబరు వైపే ఉన్నాయి.

"ఇదేందే, అమ్మవారు పోసినట్టు ఎర్ర చుక్కలు?" అంది ఒకమ్మాయి.

"అందులో నువ్వు ఏ చుక్కవి?"

"ఏమో. అదిగో వాన. అయిపోయాం. మళ్ళీ వాన. మళ్ళీ అయిపోయాం."

పగలబడి నవ్వారు. అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు, ఆట ఆడుతూ ఎవరైనా నవ్వినట్టే నవ్వారు. అయినా నా చెవులు వేడెక్కిపోయాయి. కోపమంతా అలాగే పెట్టుకుని లేచి పక్క కంప్యూటరు ముందు కూర్చున్నాను. అందులో ఉన్నది ఏడో నంబరు.

ఏడో నంబరు ఆట మగ్గం. పడుగు నూలు నిలువు గీతలుగా ఉంటుంది. అడ్డనూలు మోసే నాడె ఒక అంచు నుంచి రెండో అంచుకి నడుస్తుంది. అంచు చేరగానే ఎడమ మీటో కుడి మీటో నొక్కాలి. నొక్కితే కంప్యూటరు 'టక్' మంటుంది, గుడ్డ ఒక్క వరస పెరుగుతుంది. నాడె మళ్ళీ వెనక్కి బయల్దేరుతుంది. అంతే. పది నిమిషాలు ఆడినా అంతే. నేను చీటీ తీసుకుని రాశాను: "ఇది ఆట కాదు, పని. ఇందులో గెలవడం లేదు, ఓడటం లేదు. కళ్ళు మూసుకుని కూడా ఆడొచ్చు. చేసినవాళ్ళు దీన్ని ఒక్కసారైనా ఆడి చూశారా?"

డబ్బాలో వేశాక నా చెవుల వేడి కొంచెం తగ్గింది. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని, తగ్గింది.

సాయంత్రం నాలుగింటికి సార్ మిఠాయి డబ్బా ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నారు. ఒక్కో నంబరు చెప్పి, దాని చీటీలన్నీ హాజరు పిలిచినట్టు ఒకే గొంతుతో చదువుతున్నారు. మేక ఆటకి, "మేక దూకేటప్పుడు నా కాళ్ళు కూడా లేచాయి" అని ఎవరో రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నచ్చిన చీటీ అది. నాకొచ్చినవి వేరు. "ఎర్ర చుక్కలు, నీలం గీతలు. నేను ఎక్కడ?" "అదృష్టం ఉంటే గెలుస్తాం, లేకపోతే లేదు." "బాగుంది." "ఇది మేడం ఆట అనుకుంటా, చాలా చాలా బాగుంది." చివరిది చదివాక పిల్లలు నా వంక చూసి కిసుక్కుమన్నారు. నేనూ నవ్వాను. పళ్ళు మాత్రమే కనిపించిన నవ్వు అది.

ఏడో నంబరు వచ్చింది. నా చీటీ మూడోదో నాలుగోదో. సార్ దాన్ని విప్పి, ఒక్క క్షణం ఆగి, మిగతావాటిలాగే చదివారు. "చేసినవాళ్ళు దీన్ని ఒక్కసారైనా ఆడి చూశారా" అన్న దగ్గర ఎవరో ఫక్కున నవ్వారు. సార్ చీటీ మడిచి పక్కన పెట్టి, తర్వాతది తీశారు.

అన్నీ అయ్యాక, ఎవరి నంబరు వాళ్ళు చెప్పుకోవచ్చన్నారు. ఒక్కొక్కరే లేచి, సిగ్గుపడుతూ, "ఒకటి నాది సార్", "అయిదు నాదండీ" అన్నారు. నేను మూడు అన్నాను. ఏడుకి ఎవరూ లేవలేదు. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు.

"ఏడు నాదేనమ్మా" అన్నారు సార్.

ఇందాక నవ్విన అమ్మాయి తల వంచేసుకుంది. నాకు నేల మీద గచ్చు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఇప్పుడు అసలు పని" అని ఆయన ఏమీ జరగనట్టే చెప్పుకుపోయారు. "ఎవరి చీటీలు వాళ్ళు తీసుకెళ్ళండి. వచ్చే ఆదివారానికి ఆట మార్చి తీసుకురండి. చీటీలో ఉన్నదల్లా చెయ్యక్కర్లేదు. కానీ చెయ్యనిది ఎందుకు చెయ్యలేదో మీకు తెలియాలి."

తన చీటీలు తాను జేబులో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను మొదటి బస్సుకే వచ్చేశాను. సార్ రాకముందే వచ్చి, ఆయన వచ్చాక ఏం చెప్పాలో కూడబలుక్కుందామని. అప్పటికి సెంటరులో ఊడ్చే ఆవిడ ఒక్కతే ఉంది. మేమంతా ఆమెని అక్కా అనే పిలిచేవాళ్ళం. మా సెంటరులో పొద్దునా సాయంత్రం ఊడ్చి, మధ్యలో రెండు ఇళ్ళలో పనిచేసేది. మాఘమాసం నుంచి మిరపకాయ కోతలు మొదలైతే మాత్రం మాకు సెలవు చెప్పి, చర్చి వీధి ఆడవాళ్ళతో ట్రాక్టరెక్కి పర్చూరు వైపు చేలల్లోకి వెళ్ళిపోయేది.

నేను మూడో నంబరు ఫ్లాపీ పెట్టుకుని, గుడ్లప్పగించి కూర్చున్నాను. ఆమె చీపురు పట్టుకునే వెనక నుంచి తొంగి చూసింది.

"ఏందండీ మేడంగారూ అది? కళ్ళానికి పోసినట్టుందే కాయ!"

నేను ఒక్క ఉదుటున లేచాను. నిన్నంతా అంతమంది ఆడితే ఒక్కరికీ అవి మిరపకాయలని తెలియలేదు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి మీటలు చూపించాను. మొదట చెయ్యి పెట్టడానికి భయపడింది. ఒకసారి నొక్కాక, మనిషి కదిలేసరికి "ఓయమ్మో" అని నవ్వింది. ఇంతలో వాన వచ్చింది. ఆట పోయింది. రెండోసారీ పోయింది. మూడోసారి పోయాక మీటల మీద నుంచి చెయ్యి తీసేసి నా వైపు తిరిగింది.

"వాన అట్టా చెప్పాపెట్టకుండా వచ్చిద్దా అండీ? ముందు గాలి మారుద్ది. దుమ్ము లేచిద్ది. ఆ మూల మబ్బు పట్టుద్ది. అప్పుడు గదా పరిగెత్తేది. ఇదేంది, నెత్తి మీద కుండ బోర్లించినట్టు?"

"అవునక్కా" అన్నాను.

"ఇంకోటండీ, ఏమనుకోబాకండి. పరిచిన కాయ మీద పట్ట కప్పితే కాయ ఆగుద్దా? కింద నుంచి నీళ్ళు పారవూ? ముందు కాయని కుప్పకి లాగాల. ఆ తర్వాత పట్ట. నలుగురం లాగతా ఉంటే ఇద్దరు పట్ట పట్టుకుని నిలబడతారు. కుప్ప కాకముందే కప్పితే కింద కాయ తడిసిద్ది, కుప్ప అయ్యేదాకా ఆగితే పైకాయ తడిసిద్ది. ఆడుంది తంటా."

నా చిన్నతనమంతా ఆ కల్లం గట్టు మీదే గడిచింది. వాన వస్తే నన్ను గొడుగు కింద నిలబెట్టేవాళ్ళు. పట్టలు కప్పడం ఒక్కటే నా కంటికి ఆనింది. వంగి కాయని కుప్పకి లాగిన ఆడవాళ్ళు నా ఆటలోకి రానే లేదు. కల్లం మాది గాని, దాని పని తెలిసిన చేతులు ఇవి. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు. కాగితం తీసుకుని, "అక్కా, మళ్ళీ చెప్పు, నిదానంగా" అన్నాను. ఆమె ఒళ్ళోని చీపురు గోడకి ఆనించి, కుర్చీ దగ్గరికి లాక్కుని, గాలి ఎటు నుంచి ఎటు మారుతుందో చేత్తో చూపిస్తూ చెప్పింది.

సార్ వచ్చేసరికి మేమిద్దరం అలాగే కూర్చుని ఉన్నాం. అక్క గబగబా లేచి చీపురు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళింది. కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయి నేను సూటిగా అనేశాను.

"సార్, ఏడో నంబరుకి ఆ చీటీ..."

"నీది. తెలుసు."

"ఎట్టా తెలుసు సార్?"

"రెండేళ్ళ నుంచి హాజరు పట్టీ నీ చేత్తోనే రాస్తున్నావు. నీ అక్షరం నాకు తెలియదూ? పైగా రెండు వాక్యాలే రాయమంటే నాలుగు రాశావు."

"సారీ సార్. కోపం వచ్చిందా?"

ఆయన సంచీ బల్ల మీద పెట్టి కూర్చున్నారు. "వచ్చింది. రాత్రి అన్నం సహించలా. చదివేటప్పుడు ఆ ఒక్క చీటీ దాటేద్దామనుకున్నా. మీవన్నీ చదివి నాది దాచుకుంటే రేపు మీ ముందు నిలబడి ఏం చెప్తాను?"

నాకు ఏడుపొచ్చింది. ఆయన అది చూడనట్టుగా జేబులోంచి నా చీటీ తీసి, మడత విప్పి, బల్ల మీద పరిచారు.

"ఇదిగో చూడమ్మా. మొదటి మూడు వాక్యాలు ఆట గురించి. మూడూ నిజమే. ఈ చివరిది మనిషి గురించి. ఇది తీసేస్తే నాకొచ్చిన చీటీల్లో మంచిది ఇదే. మిగతా అందరూ 'బాగుంది సార్' అన్నట్టు రాశారు, నాదని తెలియకపోయినా."

నేను ఆ చివరి వాక్యం మళ్ళీ చదివాను.

"కళ్ళు మూసుకుని కూడా ఆడొచ్చు అన్నావే, ఆ మాట దగ్గరే ఆగిపోయా నిన్న. మా నాన్నకి నీటికాసులు వచ్చి చూపు పోయి నాలుగేళ్ళయింది. చూపు మందగించాక కూడా సంవత్సరం పాటు నేశాడు. చప్పుడు వింటూ నేసేవాడు. నాడె ఎక్కడుందో చెవికి తెలిసేది. తర్వాత మేమే వద్దని ఆపించాం. ఆయన మగ్గం గుర్తుచేసుకునే ఈ ఆట చేశాను గాని, ఆయన ఆడొచ్చన్న ఊహ నాకు రాలేదు. నువ్వు ఎగతాళికి రాశావు. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది."

ఆ వారమంతా మధ్యాహ్నాలు క్లాసులు అయ్యాక మేమిద్దరం ఏడో నంబరు మీదే కూర్చున్నాం. కంప్యూటరు డబ్బాలో ఉండే చిన్న స్పీకరుకి 'కీ' అనడం తప్ప ఏమీ రాదు. ఆ 'కీ' నే రకరకాలుగా వాడాం. నాడె కదులుతున్నప్పుడు సన్నగా మొదలై అంచుకి చేరేకొద్దీ గొంతు పెరుగుతుంది. చేరగానే మీట నొక్కితే 'టక్'. ముందే నొక్కినా ఆలస్యమైనా బొంగురు చప్పుడు. ఎడమ మీటకీ కుడి మీటకీ వేలికి తగిలేలా చెరొక నూలు ముక్క అంటించాం. మధ్యలో పిల్లలు వచ్చి కళ్ళకి చున్నీలు కట్టుకుని ఆడి, ఎక్కడ తికమకగా ఉందో చెప్పేవాళ్ళు. మిగతా వేళల్లో నేను నా కల్లం సరిచేసుకున్నాను. మబ్బు పెట్టాను, దుమ్ము పెట్టాను, కాయని లాగే నలుగురు ఆడవాళ్ళని పెట్టాను. వాళ్ళని మనుషుల్లా గీయడానికి రెండు రోజులు పట్టింది.

ఆదివారం సార్ వాళ్ళ నాన్నగారిని రిక్షాలో తీసుకొస్తే, ఇద్దరం చెరో వైపు పట్టుకుని మెట్లెక్కించాం. సన్నటి మనిషి, గొంతు మాత్రం పెద్దది. కుర్చీలో కూర్చుని కీబోర్డు అంతా తడిమి చూశారు.

"ఇన్ని మీటలెందుకురా?"

"నీకు రెండు చాలు నాన్నా. నూలు తగిలేవి."

చెవి స్పీకరు వైపు వంచి ఆడటం మొదలుపెట్టారు. మొదటి రెండు మూడు సార్లు బొంగురు చప్పుడే వచ్చింది. తర్వాత కుదురుకున్నారు. టక్, టక్, టక్. భుజాలు కదలడం మొదలైంది. బల్ల కింద కాళ్ళు కూడా ఒకదాని తర్వాత ఒకటి నేలని తొక్కుతున్నాయి. అలా ఎంతసేపు ఆడారో మేమెవరం గడియారం చూడలేదు. పిల్లలు గోడకి ఆనుకుని నిలబడిపోయారు. సార్ తండ్రి చేతుల వంక తప్ప ఇంకెటూ చూడటంలేదు.

పెద్దాయన ఉన్నట్టుండి ఆపేశారు. "ఒరేయ్, ఈ మగ్గం ఎవడు కట్టాడ్రా?"

"నేనే నాన్నా. ఈ అమ్మాయి సాయం చేసింది."

"కుడి నుంచి ఎడమకి నాడె బానే వస్తంది. ఎడమ నుంచి కుడికి ఏదో జాగు. ఎక్కడో పట్టేస్తంది చూసుకో. ఇంకోటి. ఇందాకట్నుంచి నేస్తన్నా, ఒక్క పోగు తెగలేదు. నూలు తెగని మగ్గం యాడుందిరా? తెగితే గదా నేతగాడి సంగతి తెలిసేది."

సార్ నా వంక చూశారు. నేను చీటీలో రాసిన "గెలవడం లేదు, ఓడటం లేదు" అన్నదే పెద్దాయన ఇంకోలా చెప్పారు. కానీ ఏం చెయ్యాలో కూడా చెప్పారు.

నేను వెంటనే పక్క కంప్యూటరులో ప్రోగ్రాము తెరిచి చూశాను. నాడె ఎడమ నుంచి బయల్దేరేటప్పుడు పాత బొమ్మ తాలూకు ఒక గీత గీసే వరస తీసెయ్యకుండా వదిలేశాం. ఆ పాత కంప్యూటరుకి ఆ గీత గీయడానికి రెప్పపాటు పడుతోంది. కళ్ళున్న మాకెవరికీ తెలియలేదు. తీసేసి మళ్ళీ ఆయన ముందు పెట్టాను. రెండు వరసలు నేసి, "ఆఁ" అన్నారు. నాకు జీవితంలో చాలామంది చాలా మెచ్చుకోళ్ళు రాశారు గాని, ఆ "ఆఁ" అంత గట్టిది ఇంకోటి దొరకలేదు.

ఆ తర్వాత పోగు తెగడం కూడా పెట్టాం. తెగితే నాడె చప్పుడులో చిన్న చీలిక వినిపిస్తుంది, అప్పుడు రెండు మీటలూ కలిపి నొక్కి ముడి వెయ్యాలి. వినకుండా పోతే గుడ్డ పాడవుతుంది. సార్ సెంటరులోని ఒక పాత కంప్యూటరుని ఇంటికి తీసుకెళ్ళి, ముందు గదిలో బల్ల మీద పెట్టారు. ఆటల పందెం ఆ తర్వాత రెండు ఎండాకాలాలు నడిచింది. మనిషి గురించి వాక్యం రాయకూడదన్నది కొత్త నియమంగా చేర్చాం. అక్క మూడుసార్లూ అన్ని ఆటలూ ఆడి పెట్టింది. కూర్చున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేది కాబట్టి ఆమె పక్కన ఒకరు కాగితం పట్టుకుని కూర్చుని రాసేవాళ్ళు. ఆ కాగితాల కోసం పిల్లలు పోటీలు పడేవాళ్ళు.

ఆ ఏడాదే వర్షాలు మొదలయ్యాక ఒకరోజు సార్ వాళ్ళమ్మగారు బజారుకి వచ్చి, పనిగట్టుకుని మెట్లెక్కి మా సెంటరుకి వచ్చారు. నేను కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను.

"ఆ ఆట చేసిన అమ్మాయివి నువ్వేనా?" అన్నారు.

"సార్ చేశారండీ. నేను కొంచెం సాయం చేశాను."

"వాడికి చెప్పా, వినిపించుకోడంలేదు. నువ్వన్నా విను తల్లీ. ఆయనతో కాపరం మొదలైన దగ్గర్నుంచీ ఆ మగ్గం చప్పుడు వింటానే ఉన్నా. ఈ నాలుగేళ్ళే కాస్త చెవులు చల్లగా ఉన్నయ్. ఇప్పుడు తెల్లారి లేస్తే మళ్ళీ కీ, టక్, కీ, టక్."

"చప్పుడు తగ్గించమంటారా అమ్మగారూ?" అని అడిగాను, కాగితం కలం అందుకుంటూ.

ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"వద్దులే. పోగు తెగినప్పుడు ఆయన ముడేస్తన్నాడు. వేశానే, చూశావా అని నన్ను పిలుస్తన్నాడు. నేను వంటింట్లోంచి చూశాలెండి అంటన్నా. అది ఉండనియ్" అన్నారు. "కాఫీ అయ్యేదాకా మాత్రం మొదలుపెట్టకుండా ఏమన్నా చెయ్యగలవా?"

చెయ్యగలనన్నాను. ఆ సాయంత్రమే, పొద్దున ఏడు గంటల లోపు తెరిస్తే మోగకుండా ఉండేలా ఒక వరస రాసి, ఫ్లాపీలో ఎక్కించి సార్ చేతికిచ్చాను. ఎందుకని ఆయన అడగలేదు.